సిరా ఆరేదాక

ఇరవై రెండేండ్లు పెండ్లి పత్రికలే గుద్దిన.
పసుపు రంగు, మెరుపు రంగు, అంచుకు బంగారు రేకు.
పత్రికను ఎవ్వరూ తినరు గద,
డబ్బా మీది చిన్నక్షరాలు నేనెందుకు చదవాలె?

మర్రిగూడ దిక్కు నుంచి సైదమ్మ వచ్చింది,
నల్లగొండకు మొదటి బస్సుల.
బట్టసంచిల జొన్న మురుకులు,
చేతిల నాలుగు మడతల కాయితం,
దాని మీద మనుమరాలు గీసిన జొన్నకంకి.
"అయ్యా, వెయ్యి సంచులు.
మా సంఘం పేరుండాలె. ఈ కంకి ఉండాలె."

పచ్చ, ఎరుపు, పసుపు కలిపి నమూనా గుద్దిచ్చిన.
మంచిగ మెరిసింది. జహంగీరు సుత జూసి ఈలేసిండు.
ఆమె మాత్రం సంచిని తిప్పి వెనకదిక్కు చూసింది,
మూతి తెరిచి వాసన చూసింది,
కుండను కొట్టి చూసి కొనేటోళ్ల తీరు.

"ఈ రంగు తినొచ్చా?"

నవ్విన. రంగు బయట గద తల్లీ, మురుకు లోపల.
"మధ్యల ఏమున్నది?"
కాయితం.
"నూనెను కాయితం ఆపుతదా?"

నిన్న సాయంత్రం గడియారం కాడ
తిన్న మిర్చిబజ్జీ యాదికొచ్చింది.
దాని వీపు మీద, అద్దంల చూసినట్టు
ఎడమకు తిరిగిన అక్షరాలు, ఏదో టెండరు ప్రకటన.
చదువుకుంటనే తిన్న.
ఆఖరు తేదీతోని సహా మింగిన.

మూడు దినాలకు మళ్లొచ్చింది.
నా నమూనా సంచిల కట్టిపెట్టిన మురుకులు తెచ్చింది.
"వాసన చూడు."
థిన్నరు. నా షాపు వాసన, నా అంగీ వాసన,
ఇంటికాడ నా బిడ్డ మొకం తిప్పుకునే వాసన.
ఒకదాని మీద ఒకటి పేర్చిన సంచులల్ల
కిందిదాని కంకి పైదాని వీపుకు
పల్చగ అంటి ఉన్నది, నీడ లెక్క.

అప్పుడు చెప్పింది, గొంతు లేపకుండ:
"మా బోరు నీళ్లు సుత తేటగనే ఉండె.
రంగు లేదు, వాసన లేదు.
మా అవ్వ వంగుకుంట వంగుకుంట
నేలను చూస్తనే పోయింది.
నా మోకాళ్లు చూడు.
కనవడలే, తాగినం.
ఇది కనవడవట్టె. తెలిసి ఎట్ల పెట్టను?"

ఆ రాత్రి డబ్బాలన్ని దించి
ఫోను వెలుగుల చిన్నక్షరాలు చదివిన.
సగం అర్థం కాలే.
అర్థమైన సగానికే నిద్ర రాలే.

పట్నం సిరా దుకాణాలకు ఫోను జేసిన:
"తిండి పక్కన పెట్టొచ్చని రాసిస్తవా?"
ఒకడు నవ్విండు. ఒకడు పెట్టేసిండు.
మూడో ఆయన కాయితం పంపిండు, ధర సుత పంపిండు.
ధర చూసి ఈసారి నేనే పెట్టేసిన.
రెండు చాయలు తాగి మళ్ల చేసిన.

మూడు రంగులు తీసి ఒక్కటి చేసినం,
నీళ్ల సిరా, ఎర్రమన్ను రంగు.
కంకికి గింజలు తగ్గినయి. మనుమరాలు అలిగిందట.
అచ్చు సంచి మీద కాదు, బయట చుట్టే పట్టీ మీద.
లోపలి సంచి తెల్లది, నూనె దాటనిది,
ఒక్క చుక్క లేనిది.
"నా పేరు బయటనే ఉండాలె," అన్నది సైదమ్మ,
"ఎవ్వరి కడుపులకు పోవద్దు."

ముసురు పట్టింది. నీళ్ల సిరా ఆరది.
షాపంత తాళ్లు కట్టి పట్టీలు ఆరేసినం.
వాటి కింద జహంగీరు తల వంచుకోని తిరిగిండు.
పెండ్లోళ్లు ఇద్దరు తిట్టిపోయిండ్రు.
నాలుగో నాడు వేలు పెట్టి రుద్దిన, అంటలే.

నలభై పట్టీలల్ల మాత్రం 'సంఘం' సున్న పడలే.
దిద్దుదామని జేబుల పెన్ను తీసిన.
ఆమె నా చెయ్యి పట్టుకున్నది:
"అది ఏం సిరా?"

పెన్ను మళ్ల జేబుల పెట్టుకున్న.
'సఘం' అనే పేరుతోనే పోయినయి
ఆ నలభై, మాల్ సంతకు.